పిల్ ఆపాక నెలసరి లెక్క కొత్తగా మొదలవుతుంది

గర్భనిరోధక మాత్ర (పిల్) ఆపేశాం కాబట్టి వచ్చే నెలకల్లా నెల తప్పాలి అనుకునేవాళ్లు కొందరు. ఇన్నేళ్లు వాడాం, ఆ మందు ఒంట్లోంచి పోవడానికే ఏడాది పడుతుందేమో అని బెంగపడేవాళ్లు ఇంకొందరు. రెండు లెక్కలూ తప్పే. మాత్రలోని హార్మోన్లు చివరి మాత్ర వేసుకున్న కొద్ది రోజుల్లోనే రక్తంలోంచి వెళ్లిపోతాయి. ఒంట్లో పేరుకునేదేమీ ఉండదు. కాబట్టి ‘డిటాక్స్’ పొడులూ, గర్భాశయ శుద్ధి కషాయాలూ అమ్మేవాళ్ల మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

అసలు చిక్కు వేరే ఉంది. మాత్ర వాడినన్నాళ్లూ మీ సొంత నెలసరి ఎలా ఉందో మీకే తెలియదు. 21 మాత్రలు అయ్యాక వచ్చే 7 రోజుల విరామంలోనో, 24+4 ప్యాకులో చివరి ఖాళీ మాత్రల రోజుల్లోనో కనిపించే రక్తస్రావం నిజమైన నెలసరి కాదు. అండం విడుదలై, గర్భం రాక వచ్చే నెలసరి వేరు. హార్మోను సరఫరా ఆగినందుకు గర్భాశయపు లోపలి పొర ఊడిపడడం వేరు. ఏ స్త్రీకైనా మాత్ర మీద ఉన్నంతకాలం 28 రోజులకొకసారి గడియారం కొట్టినట్టు వస్తుంది. ఆ క్రమం ప్యాకుది, అండాశయానిది కాదు.

అందుకే ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: అసలు మాత్ర ఎందుకు మొదలుపెట్టారు? పిల్లలు అప్పుడే వద్దనుకుని మొదలుపెట్టి ఉంటే, అంతకుముందు నెలసరి సక్రమంగానే ఉండి ఉంటే, పెద్దగా కంగారు పడాల్సింది లేదు. అలా కాక నెలసరి రెండు మూడు నెలలకొకసారి వస్తోందనో, మొటిమలు, అవాంఛిత రోమాలు ఎక్కువగా ఉన్నాయనో, పొత్తికడుపు నొప్పి భరించలేకపోతున్నారనో, రక్తస్రావం విపరీతంగా ఉందనో డాక్టరు రాసి ఉంటే, మాత్ర ఆపాక ఆ సమస్య మళ్లీ కనిపించే అవకాశమే ఎక్కువ. మాత్ర దాన్ని నయం చేయలేదు, కప్పి ఉంచింది. ‘పిల్ వాడినందుకే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సక్రమంగా విడుదల కాని సమస్య) వచ్చింది’ అనే మాట ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

ఆపకముందే చేసుకోవాల్సిన పనులు

చాలామంది ముందు మాత్ర ఆపి, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్తారు. వరుస తిరగేస్తే మేలు. ఎందుకంటే కొన్ని పనులు గర్భం రాదని తెలిసిన రోజుల్లోనే నిశ్చింతగా అవుతాయి.

ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, కనీసం ఒక నెల ముందు నుంచి, వీలైతే రెండు మూడు నెలల ముందు నుంచి మొదలుపెట్టాలి. మాత్ర మీద ఉండగానే వేసుకోవచ్చు, రెండింటికీ పేచీ లేదు. తొందర ఎందుకంటే బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే నాళం గర్భధారణ జరిగిన సుమారు 28 రోజులకే మూసుకుపోతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిందన్న సంగతే పూర్తిగా అర్థమై ఉండదు. పరీక్షలో రెండు గీతలు కనిపించాక మొదలుపెడితే ఆ గడువు ముగింపుకొచ్చేసి ఉంటుంది. గర్భం వచ్చాక 12 వారాల దాకా కొనసాగించాలి.

మోతాదు దగ్గర తరచుగా పొరపాటు జరుగుతుంది. షాపుల్లో 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా దొరుకుతుంది. అది 400 మైక్రోగ్రాములకు పన్నెండున్నర రెట్లు. ఇంతకుముందు బిడ్డకు వెన్నుపాము లోపం వచ్చినవాళ్లకు, మూర్ఛకు మందులు వాడేవాళ్లకు, మధుమేహం ఉన్నవాళ్లకు అంత పెద్ద మోతాదు డాక్టరు రాస్తారు. 1991లో వెలువడిన బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనంలో, అలాంటి బిడ్డ ఇదివరకు పుట్టిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే ఆ లోపం మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గింది. మిగతా వాళ్లకు 400 మైక్రోగ్రాములు చాలు.

రెండోది టీకాలు. రుబెల్లా, ఆటలమ్మ టీకాలు బతికున్న వైరస్‌తో చేసినవి. వేసుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. కాబట్టి రక్తపరీక్షలో రుబెల్లా ఐజీజీ (ఆ జబ్బు నుంచి కాపాడే యాంటీబాడీ) లేదని తేలితే టీకా వేయించుకుని, ఆ నెలంతా మాత్ర కొనసాగించి, తర్వాత ఆపడం సుఖం. ముందే ఆపేసి ఆ తర్వాత పరీక్ష చేయిస్తే నెల రోజులు కండోమ్ వాడుతూ ఎదురుచూడాలి.

మూడోది, నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది, మీరు వాడే మిగతా మందులు. కొన్ని మందులను గర్భనిరోధకంతో కలిపే రాస్తారు, ఎందుకంటే అవి పిండానికి హాని చేస్తాయి. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ ఆపాక కనీసం నెల రోజులు ఆగాలి. సోరియాసిస్‌కు వాడే యాసిట్రెటిన్ అయితే ఏకంగా 3 సంవత్సరాలు. కీళ్లవాతం లాంటి జబ్బులకు వాడే మెథోట్రెక్సేట్ ఆపాక కూడా గడువు ఉంది, అది మందు రాసిన డాక్టరే చెప్పాలి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, బీపీకి వాడే ఎనాలాప్రిల్, రామిప్రిల్ లాంటివి, అవాంఛిత రోమాలకు వాడే స్పైరనోలాక్టోన్ గురించి కూడా పిల్ ఆపకముందే మాట్లాడాలి. అయితే మూర్ఛ మందును భయపడి మీ అంతట మీరు ఆపేయకండి. ఫిట్స్ రావడం మందుకంటే ప్రమాదం. మార్చాలంటే డాక్టరు మెల్లగా మారుస్తారు.

లామోట్రిజిన్ అనే మూర్ఛ మందు సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర ఈ మందును శరీరంలో త్వరగా కరిగిస్తుంది, రక్తంలో దాని స్థాయి సగానికి పడిపోతుంది. అందుకని పిల్ వాడే రోజుల్లో డాక్టరు మోతాదు పెంచి ఉంటారు. పిల్ ఆపగానే అదే మోతాదు ఎక్కువైపోతుంది. తల తిరగడం, చూపు రెండుగా కనబడడం, నడకలో తూలడం మొదలవుతాయి. ఆపబోయే తేదీ న్యూరాలజిస్టుకు ముందే చెప్పాలి. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లదీ కొంచెం ఇలాంటి కథే: ఈస్ట్రోజన్ ఆగాక థైరాక్సిన్ అవసరం తగ్గవచ్చు, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి. గర్భం కోసం ప్రయత్నించేటప్పుడు టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉంచాలని చూస్తారు. నెల తప్పాక మళ్లీ అవసరం పెరుగుతుంది. పరీక్ష పాజిటివ్ రాగానే వారానికి 7 బదులు 9 మాత్రలు వేసుకోమని చాలామంది డాక్టర్లు ముందే రాసిస్తారు. మీకు రాసివ్వకపోతే అడిగి రాయించుకోండి.

వీటితోపాటు హిమోగ్లోబిన్, షుగర్, థలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) వాహకత్వం కూడా ఒక రక్తనమూనాతో తేలిపోతాయి. థలసీమియా విషయంలో ఒకరు వాహకులని తేలితే రెండోవారికీ పరీక్ష తప్పనిసరి. ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

ఎలా ఆపాలి, ఏది ఎప్పటికి వదులుతుంది

పిల్ ఏ రోజునైనా ఆపవచ్చు. క్రమంగా తగ్గించడం, రోజు మార్చి రోజు వేసుకోవడం లాంటివి అక్కర్లేదు, చేయకూడదు కూడా. మధ్యలో ఆపితే రెండు నాలుగు రోజుల్లో కొంచెం రక్తస్రావం కావచ్చు. ప్యాకు పూర్తి చేసి ఆపితే ఆ రక్తస్రావం ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది, అంతే తేడా.

‘ఒక నెలసరి వచ్చేదాకా ఆగండి, ఆ తర్వాతే ప్రయత్నించండి’ అనే పాత సలహా ఇప్పటికీ తిరుగుతోంది. అది స్కానింగ్ అందుబాటులో లేని రోజుల్లో పుట్టింది. చివరి నెలసరి తేదీని బట్టే ప్రసవం తేదీ లెక్కవేసేవాళ్లు కాబట్టి ఒక నిజమైన తేదీ కావాలి. ఇప్పుడు మొదటి మూడు నెలల్లో స్కాన్‌లో పిండం పొడవును కొలిచి వయసు చెప్పేస్తారు. ఆగకపోతే బిడ్డకు హాని అన్న భయమూ అక్కర్లేదు. డెన్మార్క్‌లో 8,80,694 జననాలను పరిశీలించి 2016లో బీఎంజే అనే వైద్యపత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, గర్భం రావడానికి కాస్త ముందు దాకా పిల్ వాడినవాళ్ల పిల్లల్లో, చివరికి గర్భం వచ్చాక తెలియక వాడినవాళ్ల పిల్లల్లో కూడా, పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువగా కనిపించలేదు.

ఇక ఎంతకాలం పడుతుందన్న ప్రశ్న. యూరప్‌లో జరిగిన యూరాస్ అధ్యయనంలో, గర్భం కోసం పిల్ ఆపినవాళ్లలో సుమారు 21 శాతం మందికి మొదటి సైకిల్‌లోనే (ఒక నెలసరి నుంచి మరో నెలసరి దాకా ఉండే కాలం) గర్భం వచ్చింది. ఏడాది పూర్తయ్యేసరికి 79 శాతం మందికి. మాత్ర ఎప్పుడూ వాడనివాళ్ల అంకెలూ దాదాపు ఇంతే. వాడిన సంవత్సరాల సంఖ్య ఫలితాన్ని దెబ్బతీయదు. కాకపోతే మొదటి కొన్ని నెలలు కాస్త మందకొడిగా ఉండవచ్చు. 2020లో బీఎంజేలో వచ్చిన అధ్యయనం (డెన్మార్క్, ఉత్తర అమెరికా స్త్రీలు) పద్ధతిని బట్టి ఆ ఆలస్యాన్ని విడదీసి చూపింది: మాత్ర, యోని రింగు వాడినవాళ్లకు 3 సైకిళ్లు, చర్మం మీద అంటించే ప్యాచ్‌కు 4, లూప్‌కూ చేతిలో పెట్టే ఇంప్లాంటుకూ 2, ఇంజెక్షన్‌కు 5 నుంచి 8.

లూప్, ఇంప్లాంట్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. హార్మోను లూప్ ప్రధానంగా గర్భాశయంలోపలే పనిచేస్తుంది, చాలామందికి అది ఉండగా కూడా అండం విడుదలవుతూనే ఉంటుంది. దారం పట్టి లాగితే క్షణాల్లో వస్తుంది, నెలలో ఏ రోజైనా తీయించుకోవచ్చు. దారం కనిపించకపోతే స్కాన్ చేసి తీస్తారు. ఇంప్లాంట్ తీసిన వారంలోగా దాని హార్మోను చాలామంది రక్తంలో దొరకదు.

ఇంజెక్షన్ దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి. మూడు నెలలకొకసారి వేసే 150 మిల్లీగ్రాముల డిపో మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ కండరంలో నిల్వ ఉండి మెల్లగా కరుగుతుంది. ఒకసారి వేశాక దాన్ని బయటికి తీసే దారి లేదు. గర్భం దాల్చినవాళ్లలో సగం మందికి చివరి సూది తర్వాత 10 నెలల్లోపు వచ్చింది. వ్యక్తిని బట్టి 4 నెలల నుంచి 31 నెలల దాకా తేడా ఉంది. ఈ పది నెలలూ చివరి సూది వేసిన రోజు నుంచి లెక్క, అంటే అందులో మొదటి మూడు నెలలు ఆ సూది పని చేయాల్సిన గడువే. ఎన్ని సూదులు వేయించుకున్నారన్నదాన్ని బట్టి ఇది మారదు. వచ్చే ఏడాది పిల్లలు కావాలనుకునేవాళ్లు ఇప్పుడే ఇంజెక్షన్ మానేసి, మధ్యకాలానికి కండోమో మాత్రో వాడుకోవడం తెలివైన పని. 38 ఏళ్ల వయసులో ఉన్నవాళ్లకు ఆ పది నెలల బరువు మరీ ఎక్కువ.

వయసు మాట వచ్చింది కాబట్టి: మాత్ర అండాలను దాచిపెట్టదు. విడుదల ఆగినా, అండాశయంలో అండాలు తమంతట తాము నశించడం ప్రతి నెలా జరుగుతూనే ఉంటుంది. పదేళ్లు మాత్ర వాడితే పదేళ్ల అండాలు మిగలవు.

మొదటి అండం, తప్పుడు యాప్

పిల్ ఆపాక మొదటి అండం రెండు నుంచి నాలుగు వారాల్లో విడుదల కావచ్చు, కొందరికి మూడు నెలలు పట్టవచ్చు. అండం ముందు, నెలసరి తర్వాత: ఈ వరుస గుర్తుంటే చాలు. ఒక్క నెలసరి కూడా రాకుండానే గర్భం రావచ్చు. ‘ఇంకా పీరియడ్ రాలేదు కదా’ అని మందులు, మద్యం, ఎక్స్‌రేల విషయంలో నిర్లక్ష్యంగా ఉండకూడదు.

ఫోన్‌లో ఉన్న యాప్‌కు ఇన్నాళ్లూ మీరిచ్చిన తేదీలన్నీ ప్యాకు తేదీలు. వాటిని బట్టి అది 14వ రోజున అండం విడుదల అని ధీమాగా చూపిస్తుంది. మీ సహజ సైకిల్ 36 రోజులదైతే అండం 22వ రోజు ప్రాంతంలో వస్తుంది. యాప్ చెప్పిన రోజుల్లో కలిసి, అసలు రోజుల్లో దూరంగా ఉండి, నాలుగు నెలలు వృథా చేసుకోవడం చాలా మామూలుగా జరిగే తప్పు. పాత తేదీలన్నీ చెరిపేసి, ఆపిన తర్వాత వచ్చే రెండో రక్తస్రావం నుంచి కొత్తగా రాయండి. మొదటిది మాత్ర ఆగినందుకు వచ్చింది, లెక్కలోకి తీసుకోకండి. మొదటి కొన్ని నెలలు సైకిళ్లు పొడుగ్గా, ఎగుడుదిగుడుగా ఉండటం సహజమే.

అండం విడుదలైనప్పటి నుంచి నెలసరి దాకా ఉండే కాలం చాలామందికి 12 నుంచి 14 రోజులు, పెద్దగా మారదు. మారేదల్లా అంతకు ముందు భాగం. అందుకే ‘14వ రోజు’ అన్నది 28 రోజుల సైకిల్ ఉన్నవాళ్ల లెక్క మాత్రమే.

ఏ రోజులు

వీర్యకణాలు మంచి ద్రవంలో 5 రోజుల దాకా బతుకుతాయి. అండం బతికేది 12 నుంచి 24 గంటలు. 1995లో విల్‌కాక్స్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భాలన్నీ అండం విడుదలైన రోజుతో ముగిసే 6 రోజుల్లో జరిగిన కలయికల వల్లే వచ్చాయి. మర్నాడు కలిసినవాళ్లకు ఒక్కటీ రాలేదు. అంటే వీర్యకణాలే ముందు వెళ్లి కాచుకుని ఉండాలి.

ఆపిన మొదటి రెండు మూడు నెలలకు నా సలహా: ఏ స్ట్రిప్పులూ, చార్టులూ వద్దు. రెండు మూడు రోజులకొకసారి, నెల పొడుగునా కలవండి. అండం ఏ రోజు వచ్చినా సందు దొరకదు. రోజూ కలిస్తే వీర్యం పలచబడుతుందనీ, అందుకని వారం పది రోజులు దాచుకోవాలనీ కొందరు అనుకుంటారు. అంతకాలం ఆగితే కణాల కదలికే తగ్గుతుంది. కలిశాక కొంత ద్రవం బయటికి రావడం సహజం, దానికోసం కాళ్లు గోడకు ఎత్తిపెట్టి పడుకోనక్కర్లేదు. జారుడు జెల్ వాడేవాళ్లు మాత్రం లేబుల్ చూడండి. మామూలు జెల్స్‌లో చాలావాటిలో, అలాగే ఉమ్మిలోనూ, వీర్యకణాల కదలిక మందగిస్తుంది. గర్భం కోసం ప్రయత్నించేవాళ్లకని విడిగా తయారైనవి ఉన్నాయి.

ఊళ్లు వేరై, డ్యూటీలు వేరై అన్ని రోజులు కుదరనివాళ్లకు గుర్తులు కావాలి. ఖర్చు లేని గుర్తు తెల్లబట్ట. నెలసరి అయ్యాక కొన్ని రోజులు పొడిగా, తర్వాత జిగటగా, ఆ తర్వాత పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా మారుతుంది. రెండు వేళ్ల మధ్య సాగదీస్తే తెగకుండా సాగుతుంది. అలాంటిది కనిపించిన రోజులే మంచి రోజులు. పిల్‌లోని ప్రొజెస్టిన్ అనే హార్మోను ఈ ద్రవాన్ని చిక్కగా చేసి దారి మూసేస్తుంది కాబట్టి, ఆపిన మొదటి ఒకటి రెండు సైకిళ్లలో సరిగా కనిపించకపోవచ్చు. దురద, వాసన, పెరుగు విరిగినట్టుండే తెల్లబట్ట ఉంటే అది ఇన్ఫెక్షన్, గుర్తు కాదు.

ఒవ్యులేషన్ (అండం విడుదల) స్ట్రిప్పులు మూత్రంలో, అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోను పెరుగుదల పట్టుకుంటాయి. పెరిగిన 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. మీ అతి చిన్న సైకిల్ రోజుల్లోంచి 17 తీసేస్తే మొదలుపెట్టాల్సిన రోజు వస్తుంది: 28 అయితే 11వ రోజు, 32 అయితే 15వ రోజు. పరీక్షకు ముందు రెండు గంటలు నీళ్లు తగ్గించి, మూత్రం ఆపి, రోజూ ఒకే వేళకు చేయండి. స్ట్రిప్‌ను గరిష్ఠ గీత దాటకుండా ముంచి, ప్యాకు మీద రాసిన నిమిషాలకే చూడాలి. ప్రెగ్నెన్సీ టెస్టులో లేత గీత కనిపించినా పాజిటివే. ఇక్కడ అలా కాదు. పరీక్ష గీత, పక్కనున్న కంట్రోల్ గీతంత ముదురుగానో అంతకంటే ముదురుగానో ఉంటేనే పాజిటివ్. ఈ తేడా తెలియక లేత గీత చూసి ఆ నెల పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది.

పిల్ ఆపిన కొత్తలో ఈ స్ట్రిప్పులు ఇంకో రకంగా మోసం చేస్తాయి. శరీరం అండాన్ని విడుదల చేయబోయి ఆగిపోయి, పది రోజులకు మళ్లీ ప్రయత్నించవచ్చు. ఎల్‌హెచ్ రెండుసార్లు పెరుగుతుంది. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఎల్‌హెచ్ ఎప్పుడూ కాస్త ఎక్కువే కాబట్టి వారం పొడుగునా పాజిటివ్ చూపించవచ్చు. అండం నిజంగా విడుదలైందా అన్నది స్ట్రిప్ చెప్పలేదు.

అది చెప్పేది థర్మామీటరు. దశాంశం తర్వాత రెండంకెలు చూపించేది కావాలి, జ్వరం చూసే మామూలుది చాలదు. నిద్ర లేవగానే, మంచం దిగకముందు, మాట్లాడకముందు, రోజూ ఒకే సమయానికి. అంతకుముందు కనీసం మూడు గంటలు ఏకధాటిగా నిద్రపోయి ఉండాలి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోను వల్ల ఉష్ణోగ్రత కనీసం 0.2 డిగ్రీల సెల్సియస్ (0.4 ఫారన్‌హీట్) పెరుగుతుంది. వరసగా మూడు రోజులు, అంతకుముందు ఆరు రోజుల కంటే పైనే ఉంటే అండం విడుదలైనట్టే. అప్పటికి ఆ నెల అవకాశం దాటిపోయి ఉంటుంది కాబట్టి, ఇది వచ్చే నెల లెక్కకే పనికొస్తుంది. జ్వరం, రాత్రి డ్యూటీ, మద్యం, చెదిరిన నిద్ర ఉన్న రోజుల అంకెను లెక్కలోంచి తీసేయండి. రెండు మూడు నెలలు చేస్తే మీ సైకిల్ ఆకారం తెలుస్తుంది. ఆపైన రోజూ పొద్దున్నే ఆ అంకెతో కుస్తీ పట్టనక్కర్లేదు.

తప్పు సమయంలో చేసే పరీక్షలు

పిల్ మీద ఉండగా అండాశయాన్ని నడిపించే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్ల పరీక్షలు చేయించడం డబ్బు దండగ. మాత్ర వాటిని అణిచివేసే పనిలోనే ఉంటుంది. టెస్టోస్టిరాన్ కూడా తక్కువగా కనబడుతుంది, అందుకే పీసీఓఎస్ నిర్ధారణకు ఆ పరీక్ష చేయాలంటే పిల్ ఆపి కనీసం మూడు నెలలు గడవాలి. మిగిలిన అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ పరీక్ష కూడా పిల్ వాడేవాళ్లలో సుమారు 20 నుంచి 30 శాతం తక్కువ చూపిస్తుంది. స్కాన్‌లో అండాశయాలు చిన్నవిగా కనిపిస్తాయి. ఆ కాగితం చూసి ‘అండాలు అయిపోతున్నాయి’ అని భయపడి నేరుగా ఐవీఎఫ్ దాకా వెళ్లేవాళ్లున్నారు. మూడు నెలలాగి మళ్లీ చేయిస్తే అంకె తరచుగా పెరుగుతుంది. పైగా ఏఎంహెచ్ చెప్పేది, ఐవీఎఫ్ సూదులు వేస్తే ఎన్ని అండాలు చేతికొస్తాయన్నది. సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది కాదు. 2017లో జామా అనే వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనంలో, 30 నుంచి 44 ఏళ్ల వయసులో సంతానలేమి చరిత్ర లేని స్త్రీలలో ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లకూ మామూలుగా ఉన్నవాళ్లకూ గర్భం వచ్చే అవకాశంలో తేడా కనిపించలేదు.

‘21వ రోజు ప్రొజెస్టిరాన్’ ఇంకో ఉచ్చు. ఆ పరీక్ష చేయాల్సింది అండం విడుదలైన సుమారు ఏడు రోజులకు, అంటే రాబోయే నెలసరికి ఏడు రోజుల ముందు. 28 రోజుల సైకిల్‌లో అది 21వ రోజు అవుతుంది. 35 రోజులవాళ్లకు 28వ రోజు. 21వ రోజున చేయిస్తే అప్పుడే అండం విడుదలవుతూ ఉంటుంది, అంకె సహజంగానే తక్కువ వస్తుంది, ‘అండం విడుదల కావట్లేదు’ అని మందులు మొదలైపోతాయి. మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టు. కాగితం మీద రోజు సంఖ్య చూడకుండా మీ సైకిల్ పొడవు డాక్టరుకు చెప్పండి.

నెలసరి రాకపోతే

మూడు నెలలు దాటినా నెలసరి జాడ లేకపోతే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్. అది నెగెటివ్ అయితే డాక్టరు దగ్గరికి. టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ హార్మోన్ల రక్తపరీక్షలు, ఒక స్కాన్: వీటితో కారణం చాలావరకు దొరుకుతుంది. పీసీఓఎస్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ ఎక్కువ కావడం, బరువు బాగా తగ్గడం లేదా విపరీతమైన వ్యాయామం, అరుదుగా అండాశయాలు ముందే అలసిపోవడం. ఏదైనా పిల్ వల్ల వచ్చింది కాదు, పిల్ ఉన్నన్నాళ్లూ కనిపించనిది. చాలాసార్లు పది రోజుల ప్రొజెస్టిరాన్ మాత్రలు ఇచ్చి రక్తస్రావం తెప్పిస్తారు. ‘పీరియడ్ వచ్చేసింది’ అని సంబరపడకండి, అదీ మాత్ర తెచ్చిందే, అండం సంగతి తేల్చదు.

పీసీఓఎస్‌లో అండం విడుదలకు ఇప్పుడు మొదట ఇచ్చేది లెట్రోజోల్ అనే మాత్ర. 2014 నాటి పెద్ద అధ్యయనంలో అది పాత క్లోమిఫిన్ కంటే ఎక్కువ మందికి బిడ్డను ఇచ్చింది, 19.1 శాతానికి బదులు 27.5. ఎవరో వాడారని షాపులో కొని మింగేది కాదు. గర్భం లేదని తేల్చుకుని, స్కాన్లు చూసుకుంటూ వాడేది.

మామూలుగా ఎంతకాలం ఆగాలి? 35 లోపు వాళ్లు ఏడాది, 35 దాటితే ఆరు నెలలు, 40 దాటితే ఆగకుండానే. సైకిళ్లు 35 రోజులు దాటుతున్నా, గతంలో ట్యూబు గర్భం, పొత్తికడుపు ఇన్ఫెక్షన్, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నా ఈ గడువులు వర్తించవు, ముందే వెళ్లాలి. ఇంజెక్షన్ వాడినవాళ్లు చివరి సూది గడువు ముగిసినప్పటి నుంచి లెక్కపెట్టుకోవచ్చు.

ఆమెకు పది పరీక్షలు అయ్యాక భర్తకు ఒక వీర్యపరీక్ష చేయిద్దామా అని ఆలోచించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అది మొదటిరోజే చేయించాల్సిన, సూది కూడా అక్కర్లేని పరీక్ష. 2 నుంచి 7 రోజులు ఆగి, నమూనా మొత్తం పట్టి, ఇంట్లో తీసుకుంటే ఒంటి వేడికి దగ్గరగా ఉంచి గంటలోపు ల్యాబుకు చేర్చాలి. మొదటి చుక్కలు పోతే కణాలు ఎక్కువుండే భాగమే పోయినట్టు, ఆ సంగతి ల్యాబులో చెప్పాలి. డబ్ల్యూహెచ్‌ఓ 2021 ప్రకారం కింది హద్దులు: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, సరైన ఆకారం 4 శాతం. 4 శాతమేనా అని బెదిరిపోకండి, అది మామూలే. ఇవి ఏడాదిలోపు తండ్రులైనవాళ్లలో అట్టడుగు 5 శాతం మంది దగ్గర గీసిన గీతలు, పాసు మార్కులు కావు. కణం తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి మొన్నటి తీవ్ర జ్వరం ఇవాల్టి రిపోర్టును పాడుచేయగలదు. తక్కువ వస్తే మూడు నెలలకు మళ్లీ చేయించాలి. జిమ్‌లో కండల కోసం వేసుకునే టెస్టోస్టిరాన్ సూదులు వీర్యకణాల ఉత్పత్తిని దాదాపు సున్నా చేస్తాయి, ఆపాక కోలుకోవడానికి నెలలు పడుతుంది.

పరీక్ష ఎప్పుడు

సైకిల్ తెలియని ఈ రోజుల్లో ‘నెలసరి తేదీ దాటాక’ అన్న మాటకు అర్థం లేదు. చివరిసారి కలిసిన 21 రోజులకు చేసిన పరీక్ష నెగెటివ్ వస్తే నమ్మవచ్చు. థర్మామీటరు చార్టు ఉంటే ఉష్ణోగ్రత పెరిగాక 14 రోజులకు చేయవచ్చు. ఫలితం ప్యాకు చెప్పిన నిమిషాల్లోనే చూడాలి. అరగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనిపించే బూడిదరంగు గీత ఎండిన మూత్రంది.

పాజిటివ్ వచ్చాక డాక్టరు మొదట అడిగేది చివరి నెలసరి తేదీ. మీ దగ్గరున్నది పిల్ రక్తస్రావమే అయితే ఆ మాట తప్పక చెప్పండి, లేకపోతే వారాల లెక్క తప్పి, బిడ్డ ఎదగలేదనే భయం అనవసరంగా మొదలవుతుంది. ఆరేడు వారాల స్కాన్‌లో గుండె చప్పుడు కనిపించకపోతే ముందు అనుమానించాల్సింది తేదీనే. వారం పది రోజులకు మళ్లీ చూస్తారు. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, భుజం చివర నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం స్కాన్ తేదీ కోసం ఆగకూడదు. ట్యూబులో గర్భం కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.